4 అంగుళాల హై పవర్ రాకెట్ కిట్: ఇక్కడే కట్టుకో, నాగావళి ఇసుకలో మాత్రం ఎగరెయ్యొద్దు

బాబూ, నువ్వు అడిగింది మిగతావాళ్ళకి కూడా తెలిసేలా ముందు ఒకసారి రాస్తాను. అమెరికాలో ఉన్న మీ మావయ్య 4 అంగుళాల రాకెట్ కిట్ పట్టుకొచ్చాడు, మోటార్ (రాకెట్‌ని పైకి తోసే ఇంధనపు గొట్టం) లేదు, పెట్టె మీద హెచ్ మోటార్ పడుతుందని ఉంది. నువ్వు రాజాంలో ఇంజనీరింగ్ మూడో ఏడు, సొంతూరు ఆమదాలవలస దగ్గర, నీతో కలిసి చెయ్యడానికి ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ ఉన్నారు. ఏ జిగురు వాడాలి, మోటార్ ఇక్కడ దొరుకుతాదా లేకపోతే వీడియోల్లో చూపించినట్టు ఇంట్లోనే రాకెట్ మందు కలిపి చేసుకోవచ్చా, సంక్రాంతి సెలవుల్లో నాగావళి ఇసుకలో ఎగరెయ్యొచ్చా అని అడిగావు.

సూటిగా చెప్తున్నా: కిట్ ఇప్పుడే, ఇక్కడే కట్టుకో. మోటార్ నువ్వు చెయ్యొద్దు, ఎవరి చేతా తెప్పించొద్దు. ఏటి ఇసుకలో ఎగరెయ్యొద్దు. ఎగరెయ్యడానికి దారి ఉంది, అది చివర్లో చెప్తాను. ఆ దారి దొరికేదాకా ఈ కిట్‌తో నేర్చుకోవాల్సింది బోల్డంత ఉంది, అందులో ముప్పాతిక వంతు మోటార్ లేకుండానే నేర్చుకోవచ్చు.

నా సంగతి ఏటంటే, ఉద్యోగం కోసం టెక్సాస్‌లో ఉన్న రోజుల్లో అక్కడి క్లబ్బులో చేరి పెద్ద రాకెట్లు ఎగరెయ్యడానికి కావాల్సిన లెవల్ 1, తర్వాత లెవల్ 2 సర్టిఫికేషన్ చేశాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను, చుట్టుపక్కల కాలేజీ పిల్లలు రాకెట్ ఎయిర్‌ఫ్రేములు, క్యాన్‌శాట్‌లు (డబ్బా సైజు నమూనా ఉపగ్రహాలు) కట్టుకుంటుంటే పిలిచిన చోటికల్లా వెళ్తాను. కింద రాసిన లెక్కలు నీ సైజు కిట్‌కి సరిపడేలా వేసినవి.

ముందు మోటార్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ప్రాణం మీదకి వచ్చేది అదే. మోటార్లకి అక్షరాలు ఉంటాయి, ఒక్కో అక్షరం ముందుకెళ్తే మొత్తం ఇంపల్స్ (ఎంత బలంతో, ఎంతసేపు తోస్తాదో కలిపిన లెక్క) రెట్టింపు అవుద్ది. జి అంటే 80 నుంచి 160 న్యూటన్ సెకన్లు, హెచ్ అంటే 160 నుంచి 320, ఐ అంటే 320 నుంచి 640. 160 దాటిందంటే హై పవర్ కిందే లెక్క. నార్, ట్రిపోలీ అని అమెరికాలో రెండు సంస్థలున్నాయి, 18 ఏళ్ళు నిండి వాటిలో సభ్యుడివై లెవల్ 1 చేస్తేనే హెచ్, ఐ వాడనిస్తారు, జె నుంచి ఎల్ దాకా లెవల్ 2, దానికి రాతపరీక్ష కూడా ఉంటాది, ఎమ్ నుంచి పైన లెవల్ 3. ఫ్యాక్టరీ మోటార్లు షాపులో దొరికే దేశంలోనే ఇన్ని మెట్లు పెట్టారంటే దాని వెనకాల కారణం ఉంది.

ఆ కారణం తెలుసుకుంటే నీ రెండో ప్రశ్నకి జవాబు నీకే తెలుస్తాది. 1950ల్లో అమెరికాలో కుర్రాళ్ళు ఇళ్ళ వెనకాల, గ్యారేజీల్లో సొంతంగా మందు కలిపి, ఇనప గొట్టాల్లో కూరి రాకెట్లు చేసేవారు, వేళ్ళు పోయినవాళ్ళున్నారు, కళ్ళు పోయినవాళ్ళున్నారు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు. నెబ్రాస్కాలో చెప్పుల షాపు నడిపే ఆర్విల్ కార్లైల్ అనే ఆయనకి బాణసంచా పని బాగా వచ్చు, ఆయన 1954లో అట్టగొట్టంతో, ఒకసారి వాడి పారేసే మోటార్‌తో, పారాచూట్ మీద దిగే రాకెట్ చేశాడు. వైట్ శాండ్స్ మిసైల్ రేంజ్‌లో పనిచేసే హారీ స్టైన్ దాన్ని చూసి, పిల్లలు మందు ముట్టుకోకుండా రాకెట్లు ఎగరేసే మార్గం ఇదేనని పట్టుకున్నాడు, 1957లో నార్ పుట్టింది. అంటే ఈ హాబీ మొదలైందే ఇంట్లో మందు కలపడం మాన్పించడానికి. కాబట్టి ఇంట్లో చేసిన మోటార్ పెడితే అది ఈ హాబీయే కాదు. వీడియోలో ఆ అబ్బాయికి ఏమీ కాలేదు కదా అంటావేమో, ఏదైనా అయినవాళ్ళు వీడియో పెట్టరు.

చట్టం వైపు నుంచి చూసినా అంతే. మన దేశంలో పేలుడు పదార్థాల తయారీ, నిల్వ, దిగుమతి అన్నీ 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ కిందకి వస్తాయి, లైసెన్సులు చూసేది నాగపూర్‌లో హెడ్డాఫీసు ఉన్న పెసో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పైగా 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్ అని ఇంకోటి ఉంది, అది క్రిమినల్ కేసు. హాస్టల్ రూములో మందు దొరికిన కుర్రాడికి, నాకు రాకెట్ల పిచ్చి సార్ అని చెప్పుకునే అవకాశం పెద్దగా ఉండదు. మావయ్యని వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక మోటార్ పెట్టుకు రమ్మని అడిగే ఆలోచన ఉంటే అది కూడా మానుకో, రాకెట్ మోటార్లు క్యాబిన్ బ్యాగులోనూ పెట్టకూడదు, చెకిన్ బ్యాగులోనూ పెట్టకూడదు, ఆయన్ని ఇరికించినట్టవుద్ది.

సరే, ఇక కట్టడం. ఇక్కడ నీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అట్టగొట్టం, ప్లైవుడ్ ఫిన్లు (తోక దగ్గరి రెక్కలు) చూసి ఇదొక బొమ్మలే అనుకోకు. 1967లో తుంబా నుంచి ఎగిరిన మన మొట్టమొదటి సొంత సౌండింగ్ రాకెట్ ఆర్‌హెచ్-75 వ్యాసం 75 మిల్లీమీటర్లే, నీ గొట్టం దానికన్నా లావు.

జిగురు: ఫెవికాల్ అట్టకి, చెక్కకి బాగానే పట్టుద్ది, చిన్న రాకెట్లకి అది చాలు. నీ సైజుకి మాత్రం ఎపాక్సీయే. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఆరల్డైట్‌లో నెమ్మదిగా గట్టిపడే స్టాండర్డ్ రకం తీసుకో, ఐదు నిమిషాల్లో గట్టిపడే రకాన్ని తాత్కాలికంగా నిలబెట్టడానికి తప్ప అసలు జాయింట్లకి వాడకు, అది పెళుసు, వేడికి మెత్తబడిపోద్ది కూడా, మోటార్ చుట్టూ ఉండేదే వేడి. ఫెవిక్విక్ లాంటివి దారాలు, కాగితం కొసలు తడిపి గట్టిపరచడానికి సరిపోతాయి, ఫిన్ల జోలికి వద్దు.

ఎపాక్సీతో మన ప్రాంతంలో వచ్చే అసలు గొడవ తేమ. సముద్రం దగ్గర కదా, వానాకాలంలో, ఆ తర్వాత తుఫాన్ల రోజుల్లో గాలి తడిగా ఉంటాది, ఆ తేమకి కొన్ని ఎపాక్సీల పైన గట్టిపడ్డాక ఒక పల్చటి తెల్లటి జిడ్డు పొర తేలుద్ది. వేలితో రాస్తే జారుద్ది. చాలామంది గమనించకుండా దానిమీదే రెండో పూత వేసేస్తారు, ఆ పూత కింద జాయింటుకి అంటుకోదు, ఆ జిడ్డుకి అంటుకుంటాది. ఒక టీము వాళ్ళ ఫిన్ ఫిల్లెట్ (ఫిన్, గొట్టం కలిసే మూలలో పోసే జిగురు పట్టీ) నేను చూస్తుండగానే గోరుతో లేపితే మొత్తం పట్టీలా ఊడొచ్చింది, లోపల ఆ తెల్ల పొర స్పష్టంగా కనిపించింది. దీనికి విరుగుడు చాలా తేలిక: గట్టిపడ్డాక సబ్బునీళ్ళు తడిపిన గుడ్డతో తుడు, ఆరనివ్వు, 120 నంబరు ఎమరీ పేపర్‌తో గరుకు చెయ్యి, అప్పుడు రెండో పూత. ముందే గరుకు చేస్తే ఆ జిడ్డుని లోపలికి రుద్దినట్టవుద్ది, అందుకని కడగడమే ముందు. మే నెలలో కడుతుంటే ఇంకోటి చూసుకో, ఒకే కప్పులో ఎక్కువ కలిపితే దానికదే వేడెక్కి పొగలొస్తాది, చేతిలో ఉన్న ప్లాస్టిక్ కప్పు మెత్తబడిపోద్ది. కొంచెం కొంచెం కలుపు, వెడల్పాటి మూత మీద కలుపు.

ఫిన్లు నీ కిట్‌లో గొట్టం గోడలోంచి లోపలికి దూరి మోటార్ ట్యూబుకి (మోటార్ కూర్చునే లోపలి గొట్టానికి) తగిలే రకం. అది చాలా మంచి ఏర్పాటు, ఎందుకంటే ఒక్కో ఫిన్ మూడు చోట్ల పట్టుకుంటాది: మోటార్ ట్యూబు దగ్గర, గొట్టం లోపలి గోడ దగ్గర, బయట. లోపలి జాయింట్లు కనపడవు కదా అని వదిలెయ్యకు, బలం అంతా అక్కడే ఉంటాది. అంటించే చోటల్లా గొట్టం మీది నున్నటి కాగితం పొరని ఎమరీతో గీకేసి అట్ట కనపడేదాకా తియ్యి, లేకపోతే ఫిన్ గట్టిగానే ఉంటాది, కాగితం పొరతో సహా ఊడిపోద్ది. బయటి ఫిల్లెట్‌కి రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, మధ్యలో ఎపాక్సీ పోసి, పుల్ల ఐస్‌క్రీమ్ పుల్ల గుండ్రటి కొసతో ఒక్క లాగు లాగి, గట్టిపడకముందే టేపు తీసెయ్. ఫిన్లు మూడైతే 120 డిగ్రీలకి గట్టి అట్టలో గైడు కోసుకో. గొట్టం మీద నిలువు గీత కావాలంటే తలుపు ఫ్రేము మూలలో గొట్టం ఆనించి పెన్సిల్ లాగితే చాలు, తిన్నగా వస్తాది.

ప్లైవుడ్ ఫిన్ విరిగి కొత్తది కోయించుకోవాల్సి వస్తే వడ్రంగి షాపులో మిగిలిన మామూలు ముక్కలు తెచ్చుకోకు. మధ్య పొరల్లో ఖాళీలు ఉంటాయి, అంచు చూస్తే కనపడతాయి. బిర్చ్ ప్లై దొరక్కపోతే మంచి మెరైన్ ప్లై ముక్క అడుగు, అంచు నాలుగు వైపులా చూసి తీసుకో.

ఇప్పుడు బరువు. మన పిల్లలు ఎక్కువగా తప్పుతోంది ఇక్కడే. భయానికి ఎపాక్సీ మీద ఎపాక్సీ పోస్తారు. నీ కిట్ సరిగ్గా కడితే మోటార్‌తో కలిపి 1.8 కిలోల చుట్టుపక్కల రావాలి. ఉదాహరణకి ఏరోటెక్ హెచ్128 అనే మోటార్ తీసుకో, 128 అంటే సగటు థ్రస్ట్ (తోసే బలం) న్యూటన్లలో. 1.8 కిలోలంటే 17.7 న్యూటన్ల బరువు, థ్రస్ట్ బరువుకి ఏడు రెట్లు ఉంది, హాయిగా లేస్తాది. కనీసం ఐదు రెట్లు ఉండాలని అందరూ పాటించే లెక్క. అదే ఎపాక్సీ, పెయింటు, అనవసరమైన బోల్టులు కలిసి 2.6 కిలోలకి పోయిందనుకో, సరిగ్గా ఐదు రెట్ల దగ్గర అంచు మీద నిలబడతావు. తేడా ఎక్కడ తెలుస్తాదంటే రైల్ (ఎగరేసేటప్పుడు రాకెట్‌ని నిలబెట్టే నిలువు కడ్డీ) వదిలేటప్పుడు. ఫిన్లు పనిచెయ్యాలంటే గాలి వాటి మీదుగా వేగంగా పోవాలి, అందాకా రాకెట్‌ని తిన్నగా పట్టుకునేది రైలే, రైల్ వదిలే వేగం సెకనుకి 15 మీటర్ల దగ్గర ఉండాలి. 1.8 మీటర్ల రైల్ మీద తేలిక రాకెట్‌కి 14.9 వస్తాది, బరువు రాకెట్‌కి 11.9. పక్కనుంచి సెకనుకి 5 మీటర్ల గాలి కొడుతుంటే ఆ బరువు రాకెట్‌కి గాలి దాదాపు 23 డిగ్రీల పక్కవాటంగా తగులుద్ది, వెంటనే గాలికి ఎదురు తిరిగి అటు వంగి పోద్ది. అందుకే ప్రతి పూతకి ముందు, తర్వాత కిచెన్ తూకం మీద పెట్టి రాసుకో. నోటుబుక్కులో ఆ వరస చూస్తే గ్రాములు ఎక్కడ ఎక్కాయో నీకే తెలుస్తాది.

స్టెబిలిటీ గురించి మీ పుస్తకాల్లో ఉంటాది కాబట్టి పొడిగించను. తారాజువ్వకి పుల్ల తీసేసి వెలిగిస్తే ఎటు పోద్దో ఎవరికీ తెలీదు కదా, పుల్ల ఉంటే తిన్నగా పోద్ది, ఇక్కడ పుల్ల చేసే పని ఫిన్లు చేస్తాయి. బరువు కేంద్రం ముందుండాలి, గాలి ఒత్తిడి కేంద్రం వెనకుండాలి, మధ్య దూరం గొట్టం వ్యాసానికి ఒకటి నుంచి రెండు రెట్లు, అంటే నీకు 10 నుంచి 20 సెంటీమీటర్లు. ఓపెన్‌రాకెట్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, సాంపో నిస్కానెన్ అనే ఫిన్లాండ్ విద్యార్థి తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టింది అది. అందులో నీ కొలతలు వేస్తే ఒత్తిడి కేంద్రం అదే చెప్తాది. కానీ బరువు కేంద్రం మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పింది నమ్మకు, మోటార్ లోపల ఉన్నట్టుగా, పారాచూట్ మడిచి పెట్టి, తాడుతో వేలాడదీసి కొలువు. మోటార్ లేదు కదా అంటావు, ఆ సైజు పీవీసీ పైపు ముక్కలో ఇసుక పోసి మూతలు పెట్టు, హెచ్128 కేసుతో కలిపి 200 గ్రాముల చుట్టూ ఉంటాది, అంత బరువు చేసి మౌంట్‌లో దూర్చు. ఖాళీ రాకెట్‌ని కొలిస్తే బరువు కేంద్రం ముందుకి కనపడి మోసం చేస్తాది, మోటార్ పెట్టగానే వెనక్కి జరుగుద్ది.

ఇక అసలు సంగతికి వస్తున్నా. లెవల్ 1 పరీక్షలో ఎంత ఎత్తుకి వెళ్ళిందని అడగరు. తిరిగొచ్చిన రాకెట్‌ని చేతిలో తిప్పి చూస్తారు, బాగు చెయ్యకుండా మళ్ళీ ఎగరెయ్యగలిగేలా ఉందా అని. పైకి పంపడం మోటార్ పని, కిందకి క్షేమంగా దించడం నీ పని. అందుకని కిట్ కట్టడానికి పెట్టే శ్రద్ధలో సగం రికవరీకి పెట్టు.

డిలే దగ్గర మొదలెడతాను. మోటార్ పేరు చివర హెచ్128డబ్ల్యూ-14 అని ఉంటాది, ఆ 14 అంటే ఇంధనం కాలిపోయాక 14 సెకన్లకి పారాచూట్‌ని బయటికి తోసే చార్జి పేలుద్దని. నీ లావు రాకెట్ ఈ మోటార్ మీద ఒకటిన్నర సెకను లోపే ఇంధనం తాగేసి, తర్వాత ఆరేడు సెకన్లలో శిఖరానికి చేరుద్ది, 300 మీటర్ల ప్రాంతం, వెయ్యి అడుగులు. డిలేని తగ్గించకుండా 14 తోనే ఎగరేస్తే మిగతా ఏడు సెకన్లు అది ముక్కు కిందకి పెట్టి పడుతూనే ఉంటాది. ఏడు సెకన్లలో పడే దూరం, గాలి అడ్డు తీసేసి చూస్తే, 240 మీటర్లు. చేతిలో ఇంకేమీ మిగల్లేదు చూడు. ఒకవేళ నేల తాకకముందే తెరుచుకున్నా ఆ వేగంలో షాక్ కార్డ్ (పారాచూట్‌ని, ముక్కుని గొట్టానికి కట్టే తాడు) గట్టిగా లాగి గొట్టం అంచుని బ్లేడు పెట్టి చీల్చినట్టు కిందదాకా చీల్చేస్తాది. మా క్లబ్బులో ఒక మిత్రుడి రాకెట్‌కి అలాగే జరిగింది, సన్నటి కెవ్లార్ తాడు అట్టగొట్టాన్ని జానెడు లోతు కోసేసింది, మిగతా రాకెట్ మీద గీత కూడా లేదు, అయినా సర్టిఫికేషన్ ఇవ్వలేదు. డిలే సిమ్యులేషన్‌లో వచ్చిన శిఖరం సమయానికి దగ్గరగా ఉండాలి, ఫ్యాక్టరీ మోటార్లలో చాలావాటికి చిన్న డ్రిల్ టూలుతో డిలే తగ్గించుకునే వీలుంటాది. షాక్ కార్డ్ రాకెట్ పొడవుకి మూడు నుంచి ఐదు రెట్లు పెట్టుకో, గొట్టం అంచు తగిలే చోట తాడుకి టేపు చుట్టి లావు చెయ్యి.

పారాచూట్ సైజు: సెకనుకి ఐదారు మీటర్ల వేగంతో దిగాలి. ఇంధనం పోయాక నీ రాకెట్ 1.7 కిలోలు, 5.5 మీటర్ల వేగానికి మామూలు గుండ్రటి నైలాన్ పారాచూట్ 1.2 మీటర్ల వ్యాసం కావాలి. ఇంకా పెద్దది పెడితే ఇంకా మెత్తగా దిగుద్ది కదా అని పెట్టకు, గాలికి కొట్టుకుపోద్ది. 300 మీటర్ల నుంచి దిగడానికి 55 సెకన్లు, సెకనుకి 4 మీటర్ల గాలి ఉంటే 220 మీటర్లు పక్కకి పోయినట్టే. మన ఊళ్ళలో 220 మీటర్ల లోపల కనీసం ఒక తాటిచెట్టు, ఒక కరెంటు లైను లేని చోటు చూపించు చూద్దాం. లైను మీద పడిన రాకెట్‌ని ఎప్పుడూ కర్రతో తియ్యడానికి పోకు, అది పోయినట్టే అనుకో, లైన్‌మెన్‌కి చెప్పు.

ఇవన్నీ మోటార్ లేకుండా పరీక్షించొచ్చు, అందుకే ఇంత రాస్తున్నా. కాలేజీ మేడ మీద నుంచి, కింద మనుషుల్ని దూరంగా పెట్టి, అంతే బరువు ఇసుక సంచిని పారాచూట్ విప్పి వదులు, ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి, గోడ మీద చాక్‌పీసుతో పెట్టిన గుర్తుల్ని బట్టి వేగం లెక్కెయ్యి. నోస్ కోన్ (రాకెట్ ముక్కు) బిగువు చూడు: నోస్ కోన్ పట్టుకుని రాకెట్‌ని ఎత్తితే ఊడకూడదు, కొంచెం జాడిస్తే జారాలి. టెక్సాస్‌లో మా రేంజ్ సేఫ్టీ ఆఫీసర్, తలపండిన పెద్దాయన, రాకెట్ చేతికి తీసుకోగానే ముందు చేసేది ఈ పనే, ఆ తర్వాతే బరువెంత, మోటారేది, డిలే ఎంత అని అడిగేవాడు. మన దగ్గర ఇందులో ఇంకో మెలిక ఉంది, అట్ట కప్లర్లు (రెండు గొట్టాల్ని కలిపే లోపలి ముక్కలు) తేమకి ఉబ్బుతాయి. ఏప్రిల్‌లో జారేది ఆగస్టులో బిగుసుకుపోద్ది. కప్లర్ మీద పల్చటి ఫెవిక్విక్ పూసి, ఆరాక నున్నగా ఎమరీ పెట్టు, తేమ పీల్చడం తగ్గుద్ది, అయినా సరే ఎగరేసే రోజు పొద్దున్న మళ్ళీ చూడాల్సిందే. పారాచూట్‌ని నెలల తరబడి మడిచి ఉంచితే మడతలు అంటుకుని ఉండిపోతాయి, విప్పి దండెం మీద వేలాడదీసి ఉంచు, మడిచేటప్పుడు కొంచెం టాల్కం పౌడరు చల్లు. చార్జి వేడికి నైలాన్ కరక్కుండా నోమెక్స్ గుడ్డ చుట్టడం మర్చిపోకు, కిట్‌లో ఉంటాది చూడు, పసుపు రంగుదో, ఆకుపచ్చదో చదరపు గుడ్డ.

ఇప్పుడు నాగావళి. వేసవిలో ఆ ఇసుక చూస్తే నాకూ చెయ్యి పీకుద్ది, అంత విశాలంగా కనపడుద్ది. కానీ నార్ సేఫ్టీ కోడ్ ప్రకారం హై పవర్‌కి మైదానం వెడల్పు తక్కువలో తక్కువ 1500 అడుగులు, అంటే 457 మీటర్లు, లేదా ఎగరేసే ఎత్తులో సగం, రెండిటిలో ఏది ఎక్కువైతే అది. హెచ్ మోటార్‌కి మనుషులు 100 అడుగుల దూరంలో ఉండాలి, గాలి గంటకి 32 కిలోమీటర్లు దాటితే ఎగరెయ్యకూడదు, అంటుకోకపోతే స్విచ్ తీసేసి ఒక నిమిషం ఎవరూ దగ్గరికి పోకూడదు. ఏట్లో ఇసుక ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, పశువుల్ని తోలుకెళ్తారు, రెండు ఒడ్లకీ ఊళ్ళున్నాయి, అంత వెడల్పు ఖాళీగా దొరికే చోటు, మనుషుల్ని ఆపగలిగే చోటు నాకైతే కనపళ్ళేదు. సంక్రాంతి అయితే మరీను, ఊరంతా జనం, కోసిన చేల పక్కన గడ్డికుప్పలు, ఒక్క నిప్పురవ్వ చాలు ఒక రైతు ఏడాది పశువుల మేత పోడానికి. మరి కళింగపట్నం బీచ్, కోనాడ బీచ్ అంటారు కొంతమంది. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీదనుంచి గాలి ఒడ్డుకి తిరుగుద్ది, పారాచూట్ తోటల్లోకి, ఇళ్ళ మీదకి పోద్ది, ఎదురు పోతే వేటకెళ్ళిన పడవలున్నాయి.

ఆకాశం సంగతి కూడా ఉంది. ఒకవైపు భోగాపురం ఎయిర్‌పోర్టు, ఇంకోవైపు విశాఖలో నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా. డ్రోన్ మ్యాపులో మా ఊరు గ్రీన్ జోన్ అని చూపిస్తారు కొంతమంది కుర్రాళ్ళు, ఆ గ్రీన్ జోన్ డ్రోన్లకి, అదీ 400 అడుగుల వరకు. హెచ్ మోటార్ రాకెట్ 400 అడుగులు మూడు సెకన్లలో దాటేస్తాది.

మరి ఎగరెయ్యడం ఎలాగ? రెండు దారులు. ఒకటి, ఇన్‌స్పేస్ (అంతరిక్ష రంగంలో అనుమతులు చూసే కేంద్ర సంస్థ) వాళ్ళు విద్యార్థుల కోసం పెట్టిన మోడల్ రాకెట్రీ, క్యాన్‌శాట్ పోటీ, 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో ఎగరేశారు. అక్కడ మోటార్, రేంజ్, అనుమతులు అన్నీ నిర్వాహకుల ఆధ్వర్యంలో ఉంటాయి, అదే కావాల్సింది. కాలేజీ తరఫున టీముగా పోవాలి కాబట్టి మీ డిపార్ట్‌మెంట్‌లో ఒక మాస్టారిని ఇప్పట్నుంచే పట్టుకో. నీ కిట్ తిన్నగా అక్కడికి పట్టుకెళ్ళేది కాదు, వాళ్ళిచ్చిన ఎత్తు, పేలోడ్ లెక్కకి కొత్త రాకెట్ డిజైన్ చెయ్యాలి, కానీ ఈ కిట్ మీద నేర్చుకున్న ప్రతిదీ అక్కడ పనికొస్తాది, ఎపాక్సీ జిడ్డు దగ్గర్నుంచి నోస్ కోన్ బిగువు దాకా. రెండోది, నువ్వో, నీ ఫ్రెండ్స్‌లో ఎవరో పై చదువుకి బయటికెళ్తే అక్కడి క్లబ్బులో చేరి, మోటార్ అక్కడే కొనుక్కుని లెవల్ 1 చేసుకోవచ్చు. మోటార్ లేని కిట్ అట్టగొట్టమే కాబట్టి విప్పిన పారాచూట్‌తో సహా సూట్‌కేసులో పెట్టుకెళ్ళినా ఇబ్బంది లేదు, గొట్టం పొడవు పట్టేలా మధ్యలో కప్లర్ దగ్గర విడిపోయేట్టు ఇప్పుడే కట్టుకో.

ఈలోపు చెయ్యి ఊరికే ఉండదు కదా, వాటర్ రాకెట్లు ఎగరెయ్యండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, మూడో వంతు నీళ్ళు, సైకిల్ పంపు. నాలుగు బార్‌లు దాటించకు, గీతలు పడిన బాటిల్ వాడకు, వదిలే తాడు దూరంనుంచి లాగు, కళ్ళద్దాలు పెట్టుకో. ఫిన్ల సైజు మారిస్తే ఏటవుద్ది, ముక్కులో బరువు పెడితే ఏటవుద్ది, పారాచూట్ ఎలా మడిస్తే బేగి తెరుచుకుంటాది, ఇవన్నీ సాయంత్రం కాలేజీ గ్రౌండులోనే తేలిపోతాయి. క్యాన్‌శాట్ చేసే ఆలోచన ఉంటే ప్రెషర్ సెన్సార్‌ని అందులో పెట్టి ఎత్తు రికార్డు చెయ్యి, ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) పెట్టే గొట్టానికి గాలి రంధ్రం ఎంత పెట్టాలో, లేకపోతే రీడింగ్ ఎలా తప్పుతుందో కూడా దానితోనే తెలుస్తాది.

కట్టడం మొదలెట్టే ముందు కిట్‌లో ప్రతి భాగం విడివిడిగా తూచి ఓపెన్‌రాకెట్ ఫైలు చెయ్యి, ఫిన్ రూటు పొడవు, టిప్ పొడవు, ఎత్తు, మందం స్కేలుతో కొలిచి వెయ్యి, పెట్టె మీది నంబర్లు వెయ్యకు. ఆ ఫైలు, మోటార్ మౌంట్ అంటించకముందు తీసిన ఫొటో నాకు పంపించు, సెంటరింగ్ రింగుల (మోటార్ ట్యూబుని గొట్టం మధ్యలో పట్టి ఉంచే రింగుల) చోటు చూసి చెప్తాను, ఒకసారి అంటుకుపోయాక మార్చలేనిది అదొక్కటే.